తుఫానులో రేవు విడిచిన ఓడ

మొన్న నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో దిగుతుంటే, ఎదురు ఫ్లాటు కుర్రాడు ఫోన్లో వార్తలు చూస్తూ నవ్వాడు. "అంకుల్, తుఫాన్ వస్తుందంటే నేవీ షిప్పులన్నీ వైజాగ్ నుంచి పారిపోయినయంట!" నాకు ఒళ్లు మండింది. రేవు వదిలి నడిసముద్రంలోకి వెళ్లడాన్ని పారిపోవడమంటారా? నేను బడికి పోయింది తక్కువ. నా చదువంతా పొట్లాల కాగితాలు, పాత పేపర్ల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలు. అట్లా కష్టపడి నేర్చుకున్నవాడికి తప్పుడు మాట చెవిన పడితే రాయి పడ్డట్టే ఉంటుంది. అయితే లిఫ్టు దిగేలోగా చెప్పగలిగిన సంగతి కాదది. నాకూ పుట్టుకతో తెలిసింది కాదు, మా బావ చెప్పాడు.

తొంభైల చివరి మాట. మాదాపూర్ గుట్టల్ని పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. పేలుడు వినబడినప్పుడల్లా మా అక్క ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. బావది శేరిలింగంపల్లి పక్క ఊరు. చెరువు అలుగు తప్ప నీళ్లెరుగని మనిషి, మీసాలైనా రాకముందే నేవీలో చేరి, సగం వయసు ఓడల మీదే గడిపాడు. రిటైరయ్యాక, కడుతున్న ఒక మేడ దగ్గర కాపలా వాళ్లకు పెద్దగా కుదిరాడు. గట్టి నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టే నిలబడేవాడు. అక్కడి ఇంజనీర్లు దాన్ని పొగరనుకునేవాళ్లు. ఇంట్లో పప్పు డబ్బా, ఉప్పు డబ్బా అన్నీ తాడుతో అల్మారాకు కట్టి ఉండేవి. ఓడ అలవాటు. "చారుల ఉప్పెయ్యాల్నంటే ముడి ఇప్పాలె. నేన్ నీ పెండ్లామునా, ఓడ మీది వంటోన్నా?" అని అక్క రోజూ కసిరేది. బావ మురిసిపోయేవాడు. కొడుకును కూడా నేవీలోనే చేర్పించాడు. అందుకు మాత్రం అక్క కసరలేదు, మాట్లాడటమే తగ్గించింది.

ఆ ఏడు దసరా వెళ్లాక బంగాళాఖాతంలో తుఫాను లేచింది. పొద్దున వీధి చివరి ఎస్టీడీ బూత్ నుంచి పిలుపొస్తే అక్క పరుగెత్తింది. "అమ్మా, రేవు ఇడుస్తున్నం. పరేషాన్ కాకు" అన్నాడట వైజాగ్‌లో ఓడ మీదున్న మా మేనల్లుడు. అంతే, లైను తెగిపోయింది. నేను బాచుపల్లి నుంచి వెళ్లేసరికి పొయ్యి చల్లగా ఉంది. విషయం వినగానే బావ మీద పడ్డాను.

"గాలివాన వస్తే గొడ్లను సుత కొట్టంల కట్టేస్తం బావా! నీ ఆఫీసర్లకు గంత తెలివి లేదా? గట్టుకు కట్టిన ఓడను ఇప్పి సముద్రంలకు తోల్తరా?"

"కట్టేస్తేనే పోతది బామ్మర్దీ" అన్నాడు బావ, ఏమీ జరగనట్టు. "అల లేపి లేపి గోడకేసి కొడ్తది. తాళ్లు తెగి ఒకదాన్నొకటి గుద్దుకుంటయ్. ఓడకు భయం నీళ్లతోని కాదు, గట్టుతోని."

నేను నమ్మలేదని ముఖంలోనే కనబడినట్టుంది. పెరట్లో నీళ్ల హౌజు దగ్గరికి తీసుకుపోయాడు. ఖాళీ ఇత్తడి చెంబును నీళ్ల మీద వదిలి చేత్తో అల లేపాడు. చెంబు పక్కకు ఒరిగి బుడుంగుమంది. తీసి, అడుగున పిడికెడు కంకర పోసి వదిలాడు. ఈసారి ఎంత ఊపినా తలాడించి మళ్లీ నిటారుగా నిలబడింది. ఇంజన్లు, నూనె, నీళ్లు, బరువంతా ఓడ అడుగునే ఉంటుందని, తుఫానుకు ముందు ఖాళీ ట్యాంకుల్లో కూడా సముద్రపు నీళ్లు నింపుతారని చెప్పాడు. మెల్లగా నడుపుతూ ముక్కును అలకే ఎదురుగా ఉంచాలట. అడ్డం తిరిగిందా, అల పొర్లిస్తుందట. నాకు కోపం పోయి, బడిలో కూర్చున్నంత సంబరమైంది. అక్క గడపలో నిలబడి వింటోంది.

"ఇంకొకటి విను" అన్నాడు బావ ఉత్సాహంగా. "కింద అంతా అర్రలు అర్రలుగ ఉంటది. ఒక అర్రల నీళ్లొచ్చినయనుకో, దాని ఇనుప తలుపు బిగిస్తరు. నీళ్లు ఆడనే ఆగుతయ్. ఓడకేం కాదు."

"ఆ అర్రల మనిషుంటే?" అంది అక్క.

హౌజులో చెంబు ఇంకా ఊగుతూనే ఉంది. ఎడంగా పాతుకున్న బావ కాళ్లు దగ్గరికి రావడం అప్పుడే చూశాను. "బయటికొచ్చినంకనే మూస్తరు" అన్నాడు. అక్క కళ్లు తిప్పలేదు. "పిలుస్తరు... పిలిచి, జర సేపు చూస్తరు..." అన్నాడు బావ. ఓడ ఎట్లా బతుకుతుందో అన్నీ తెలిసిన మనిషి, చెంబు తీసి కంకర గుమ్మరించాడు. తర్వాత పోయి బూత్ మెట్ల మీద కూర్చున్నాడు, డ్యూటీకి కూడా పోలేదు. టీవీలో గాలి వేగాలు చెబుతున్నారే గానీ, ఒక్కడైనా ఓడ ముచ్చట ఎత్తలేదు. నేను ఆ టీవీనీ, దాన్ని చేసినవాణ్నీ తిట్టిపోశాను. అంతకంటే చేయగలిగిందేమీ లేదు.

ఫోను వచ్చేసరికి తుఫాను వైజాగ్‌కు ఎక్కడో పైన తీరం దాటి రెండు రోజులైంది. బావే ముందు ఎత్తాడు గానీ, కొడుకు గొంతు వినగానే అక్కకిచ్చాడు. అలలెంత లేచాయని అక్క అడగలేదు. తిన్నావా అని కూడా అడగలేదు. "ఏ అర్రల పంటున్నవ్ బిడ్డా?" అంది. వాడేం చెప్పాడో మాకు వినబడలేదు. "తలుపు దగ్గర్ల పండు" అని మాత్రం పదేపదే చెప్పింది.

ఆ తర్వాత ఎక్కడ వాయుగుండం అన్న మాట విన్నా, అది ఏ సముద్రంలోనిదైనా సరే, అక్క ముద్ద ఎత్తేది కాదు. తుఫాను తీరం దాటడానికి ఒక పూట పడుతుంది. మా అక్కను దాటడానికి మాత్రం, వాడు కొలువు చాలించి ఇంటికి వచ్చేదాకా, అన్నేళ్లూ పట్టింది.