ఎర్రపూల దుప్పటి

గల్ఫ్‌లో రాజేశం పని చిన్న విమానాలు కడగడం. నలుగురు కూర్చుంటే నిండిపోయే ఆ విమానాల రెక్కలను పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, ఇసుక పోయిందో లేదో అరచేత్తో తడిమి చూస్తాడు. ఎగిరిపోయింది తిరిగొచ్చేదాకా టీ ముట్టడు. దిగగానే చక్రానికి చెక్క అడ్డం పెట్టి, "వచ్చినవా తల్లీ" అని దాని ముక్కు నిమురుతాడు. తొమ్మిదేళ్లలో తనెప్పుడూ ఎక్కలేదు. మొన్న విమానం నడిపే కెప్టెన్ స్నేహితుల్లో ఒకాయన రానన్నాడు, సీటు ఖాళీ అయింది. "యల్లా, పద రాజేశం, రేపు నువ్వు రా" అన్నాడు కెప్టెన్. రాజేశం వెంటనే లేబర్ క్యాంపులో తన గదిలోనే ఉండే గయాజ్‌కు ఫోన్ చేశాడు. "ఇండస్ట్రియల్ ఏరియా మీదికెళ్లి పోతమంటున్నరు. మన డాబా మీద నా ఎర్రపూల దుప్పటి పరిచి పెట్టు, గుర్తుపడ్త."

రాతి చరియలూ, ఎప్పుడో వాన పారిన జాడలూ దాటి విమానం క్యాంపుల మీదికొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది రాజేశానికి, ఇవాళ శుక్రవారమని. సెలవురోజు అందరూ ఉతుక్కుంటారు. ఏ డాబా చూసినా దుప్పట్లే, సగం ఎర్రపూలవే. అందరూ ఒక్క దుకాణంలోనే కొన్నారు మరి. కిటికీకి ముఖం ఆనించి, ఒక్క డాబానూ వదలకుండా చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాడు.

సాయంత్రం గయాజ్ గేటు దగ్గరే పట్టుకున్నాడు. "కనబడ్డమా భాయ్? పొద్దుగాలనుంచి పోయిన ప్రతి విమానానికి చేతులూపినం, పెద్దవాటిని గూడ ఇడ్వలే!"

"కనబడ్డరు" అన్నాడు రాజేశం, భుజం రుద్దుకుంటూ. "అందరు కనబడ్డరు."