కింది ముక్క

పనిచేసే చోట ఆమెను అందరూ తూకం అక్క అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. బస్సులకు బ్రేకు డిస్కులు పోసే కార్ఖానా అది. కరిగిన అల్యూమినియంలో గట్టి గరుకుపొడి కలిపి పోస్తారు. ఒక్కసారి కలిపి పోసిన సరుకును దఫా అంటారు. ప్రతి దఫా నుంచి వేలెడంత ముక్క కోయించి, తూచి, తిరిగే ఉక్కు చక్రానికి గంటసేపు ఒత్తిపెట్టి మళ్లీ తూచడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. తగ్గిన బరువే అరుగుదల. అది తక్కువైతే ఆమె సంతకం పెడుతుంది, సరుకు బయటికి వెళుతుంది. మొగుణ్ణి కూడా పెళ్లికి ముందోసారి, తర్వాతోసారి తూచి చూసిందట, ఎంత అరిగాడో తెలుసుకుందామని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. ఆమె కూడా నవ్వుతుంది.

ప్రతి దఫాలో ఒక డిస్కు దాచి, పదిరోజుల తర్వాత మరోసారి పరీక్షిస్తారు. ఒక ఉదయం కోత పనివాడు రాకపోతే ఆమే రంపం పట్టింది. అలవాటు లేని చేయి కదా, డిస్కును తిరగేసి పెట్టింది. చదునుగా ఉంటుందని ఎప్పుడూ కింది వైపు నుంచే కోసేవారు. ఈసారి ముక్క పై వైపు నుంచి వచ్చింది. అరుగుదల ఆరు రెట్లు చూపించింది. కాటా చెడిందనుకుని మూడుసార్లు తూచింది. అంకె మారలేదు.

పోత మేస్త్రీని అడిగితే, ఆ దఫా పోసిన రోజు కలియబెట్టే కడ్డీ మధ్యలో ఆగిపోయిందని ఒప్పుకున్నాడు. కలపడం ఆగితే బరువైన పొడి అడుక్కి దిగుతుంది, పైన మెత్తటి లోహమే మిగులుతుంది.

"కింది ముక్క పాసైంది కదమ్మా, అందుకే నోరెత్తలేదు" అన్నాడు.

పాసు చేసింది తనే. ఇన్నేళ్లలో పై వైపు సంగతి ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. ఫోను అందుకుంది. ఆమె అన్న కొండదారి బస్సు డ్రైవరు. నిన్న సాయంత్రమే ఇంటికొచ్చి, డిపోలో చెల్లెలు పాసు చేసిన డిస్కులే కావాలని పట్టుబట్టి వేయించుకున్నానని మురిసిపోతూ చెప్పాడు. ఆ కొండ దిగుడులో గంటసేపు బ్రేకు మీద కాలుండాలి. మెత్తటి వైపు గాడి పడితే బ్రేకు పట్టదు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఎత్తనని అన్న చేత ఒట్టు వేయించుకున్నదీ తనే.

డిపోకు ఫోను చేసి, ఆ దఫా డిస్కులున్న బళ్లన్నీ ఆపమంది. అవి పరీక్షలో పాసైనవే కదా అని అక్కడి గుమాస్తా సాగదీశాడు.

"నా పరీక్షే తప్పు. ఆపండి."

ఉద్యోగం పోతుందన్న ఆలోచన అప్పుడు తట్టింది, కానీ నిలవలేదు. నాలుగు బళ్లు డిపోలోనే ఉన్నాయన్నాడు. ఐదోది ఆమె అన్న బండి, అది వెళ్లిపోయింది, కొండ పైనున్న తనిఖీ గదికి కబురు చేస్తానన్నాడు. ఆ బండి పదకొండింటికి దిగుడు మొదలుపెడుతుంది. గోడ గడియారంలో పదిన్నర దాటింది. ఆమె స్టూలు మీద కూర్చుంది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పదకొండైంది. మరో నాలుగు నిమిషాలు గడిచాయి. ఒక్కడే అన్న.

ఫోను మోగింది.

"ఏమ్మా, ఇక్కడ నా బండి ఆపేశారు. నలభై మంది నన్ను తిడుతున్నారు. డిస్కుల చీటీ మీద మా చెల్లి సంతకం ఉందయ్యా అని మొత్తుకుంటున్నా, ఈ తనిఖీ ఆయన వినడం లేదు. నువ్వైనా చెప్పు."

ఆమె లేచి చక్రం ఆపింది.

"నా సంతకం ఉందనే ఆపించానన్నయ్యా. దిగకు."