యాదృచ్ఛికంగా కుదిరిన బ్రేకు

ఆ ఏడంతస్తుల ఆఫీసులో జరిగే పని ఒక్కటే: జనం తెచ్చిన డిగ్రీ కాగితాలు అసలువో నకిలీవో తేల్చడం. ఆ కాగితాలు చంకన పెట్టుకుని వచ్చినవాళ్లను పైకీ కిందకీ మోసే లిఫ్టుని ముప్పయ్యొక్క ఏళ్లుగా చూసుకుంటున్నవాడు మాత్రం ఎనిమిదో తరగతి తప్పినవాడు. అందరూ అతణ్ణి మేస్త్రి అంటారు. ఇందులో ఏదో తిరకాసు ఉందని ఇన్నేళ్లలో ఒక్కరికీ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది చెప్పండి? లిఫ్టు ఆగితే మేస్త్రి కావాలి, నడుస్తుంటే మేస్త్రి ఊసే ఎవరికీ అక్కర్లేదు.

అతనుండేది డాబా మీద, లిఫ్టు మోటారున్న గదిలో. ముగ్గురు పడితే నాలుగోవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. మధ్యలో మోటారు, దాని పక్కన బ్రేకు, గోడకి స్విచ్చుల పెట్టె, మూల ఒక స్టూలు, కిటికీలో టీ ఫ్లాస్కు. అతని సామాన్లలో అన్నిటికంటే విలువైనది మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు. దాని మొనని నడుస్తున్న బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. "ఇది ఇంకో రెణ్ణెల్లు" అనేవాడు. సరిగ్గా రెణ్ణెల్లకి అది పోయేది. డాక్టర్లు కూడా అంత కచ్చితంగా చెప్పరు, చెబితే మనం ఊరుకోం కూడా.

అలాంటివాడి నెత్తిన పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చి పడింది. యంత్రం మీద చెయ్యి వేసే ప్రతి ఉద్యోగికీ డిగ్రీ ఉండాలట. ఏ డిగ్రీయో అందులో లేదు. రాసిన మహానుభావుడికి ఆ సంగతి తట్టలేదో, తట్టినా టైపు చేసేవాడికి ఓపిక లేకపోయిందో, నాకు తెలియదు.

ఆఫీసు నడిపేది మేనేజరమ్మ. మనిషి చెడ్డది కాదు. రూలు పుస్తకంలో కామా ఉన్నచోటే ఊపిరి పీల్చుకునే రకం, అంతే. మేస్త్రిని పిలిపించింది.

"మేస్త్రీ, నీకు డిగ్రీ ఉందా?"

"లేదమ్మా."

"పోనీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా ఆవిడ తమ్ముడికి ఉందమ్మా. కానీ అతనికి లిఫ్టెక్కితే కళ్లు తిరుగుతాయి."

మేనేజరమ్మ ఆ జవాబుని కూడా ఒక కాగితం మీద రాసుకుంది. తర్వాత ఆఫీసులో డిగ్రీ ఉన్నవాళ్లందర్నీ ఒక్కొక్కరినే పైకి పంపింది. వాళ్లు ఆ గదిలోకి తొంగిచూసి, గ్రీజు డబ్బా చూసి, తమకి నడుం నొప్పి ఉందనీ, దుమ్ము పడదనీ, అత్తగారు ఆస్పత్రిలో ఉందనీ చెప్పి దిగిపోయారు. చివరికి దొరికినవాడు గేటు దగ్గర వాచ్‌మన్. చరిత్రలో ఎమ్మే చదివాడు కాబట్టి అతణ్ణి అందరూ ఎమ్మే అనే పిలుస్తారు. చదువయ్యాక నాలుగేళ్లు ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరిగి, ఒకరోజు ఆ గేటు పక్కన కుర్చీ ఖాళీగా కనబడితే కూర్చున్నాడు. కూర్చుని పదకొండేళ్లయింది.

ఒక్క సంతకంతో ఎమ్మే లిఫ్టు ఇంజినీరు అయిపోయాడు. మేస్త్రి అతనికి సహాయకుడు. సహాయకుడు యంత్రాన్ని ముట్టకూడదు.

"ముట్టకుండా ఎలా బాగుచేస్తానమ్మా?" అన్నాడు మేస్త్రి.

మేనేజరమ్మ సర్క్యులర్ని రెండుసార్లు చదివింది. "యంత్రాన్ని ముట్టకూడదని ఉంది. ఇంజినీరుని ముట్టకూడదని లేదు" అంది.

నవ్వకండి. మర్నాటి నుంచి నిజంగానే అలా పని జరిగింది. ఎమ్మే చేతిలో స్పానరుంటుంది, ఎమ్మే మణికట్టు మేస్త్రి చేతిలో ఉంటుంది. పలక మీద పిల్లాడి చేత అక్షరాలు దిద్దించినట్టు మేస్త్రి ఆ చేతిని నట్టు మీదకి తీసుకెళ్తాడు, బిగిస్తాడు, వదులు చేస్తాడు. బేరింగు వినాల్సి వస్తే ఎమ్మే స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడాలి, మేస్త్రి వంగి దాని పిడికి చెవి ఆనించాలి. చెవి ఆనించడం ముట్టడం కిందకి వస్తుందా రాదా అని మేనేజరమ్మ పై ఆఫీసుకి ఉత్తరం రాసింది. రాదని జవాబొచ్చింది. మేస్త్రి తన ముప్పయ్యొక్క ఏళ్ల సర్వీసులో పై ఆఫీసు ఇచ్చిన తెలివైన జవాబు అదొక్కటే అన్నాడు.

మొదటి నెలలో మేస్త్రి తల ప్రాణం తోకకొచ్చింది. ఎమ్మే చెయ్యి మెత్తగా, బరువుగా ఉండేది. పైగా అతనికి పని మధ్యలో పాత రాజుల కబుర్లు చెప్పే జబ్బు.

"ఆ రోజుల్లో కోట తలుపులు మూయడానికి అరవైమంది కావాల్సొచ్చేదట బాబాయ్."

"ఇక్కడున్నది ఇద్దరమే. నట్టు చూడు."

"ఆ రాజు చివరికి ఎలా పోయాడో తెలుసా?"

"కబుర్లు చెబుతూ పోయుంటాడు. ఎడమకి తిప్పు."

కానీ మనిషి మంచివాడు. చెప్పింది రాత్రికి నోట్సులో రాసుకుని పొద్దున్నే అప్పజెప్పేవాడు. బ్రేకు తెరుచుకున్నప్పుడు తిరిగే డ్రమ్ముకీ, దాన్ని పట్టి ఆపే దిమ్మకీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందుండాలని రాసుకున్నాడు. ఎక్కువైతే లిఫ్టు గడప దాటి ఆగుతుందని, తక్కువైతే దిమ్మ రాసుకుని కాలిన వాసనొస్తుందని రాసుకున్నాడు. కార్డు దూరితే సరిపోదు, లాగినప్పుడు కాస్త బెట్టు చేస్తూ రావాలని మేస్త్రి అంటే, ఆ మాట కింద గీత కూడా గీశాడు.

ఎనిమిదో నెలలో ఒకరోజు మేస్త్రి మణికట్టు పట్టుకోబోయేసరికి చెయ్యి అప్పటికే నట్టు మీద ఉంది. పావు వంతు తిప్పి ఆగింది. కార్డు బెట్టు చేస్తూ వచ్చింది. మేస్త్రికి ఎంత సంతోషమేసిందంటే, ఫ్లాస్కులో టీ అంతా ఎమ్మేకే పోసేశాడు. ఇన్నేళ్లలో అతని దగ్గర పని నేర్చుకుంటానని వచ్చినవాడు ఒక్కడు లేడు మరి. టీ పోశాక గుర్తొచ్చింది, సర్క్యులర్లో చివరి వాక్యం. ఇంజినీరు సొంతంగా పనిచేయగలడని పరీక్షలో తేలిన రోజున సహాయకుడి పోస్టు రద్దు. మేస్త్రికి ఇంకా రెండేళ్ల సర్వీసుంది. అది పూర్తికాకుండా బయటపడితే పింఛను రాదు. అంటే ఎమ్మేకి ఎంత బాగా పని వస్తే మేస్త్రి కొంప అంత తొందరగా మునుగుతుంది.

వారం తిరక్కుండా పరీక్ష తేదీ రానే వచ్చింది. ఎమ్మే గుమ్మంలో నిలబడి, ముందే ఆలోచించుకున్న మాట చెప్పాడు.

"బాబాయ్, నేను తప్పుతాను. తప్పితే మళ్లీ ఏడాది తర్వాతే పరీక్ష. అప్పుడూ తప్పుతాను. నీ రెండేళ్లు గడిచిపోతాయి."

"నీకు తప్పడం చేతనవుతుందా?"

"చరిత్రలో నాలుగు పేపర్లు తప్పి మళ్లీ రాశాను బాబాయ్. బాగా అలవాటే."

మేస్త్రి ఇంటికెళ్లి భార్యకి చెబితే ఆవిడ ఆ వాచ్‌మన్ అబ్బాయిని నిండు నూరేళ్లు బతకమంది. "మీరు మాత్రం నోరు మూసుకుని నిలబడండి. ఒక్క పూట. మీకది కష్టమేనని నాకు తెలుసు" అంది. ముప్పయ్యేళ్ల కాపురం, ఆవిడకి తెలియకేం.

పరీక్ష రోజున పరీక్షాధికారి వచ్చాడు. నీళ్లకావి రంగు ఫైలు, రెండు పెన్నులు, మోకాలికి పట్టీ. లిఫ్టుని ఆపించి, మేస్త్రిని గుమ్మం బయట నిలబెట్టాడు. మేనేజరమ్మ కిటికీ పక్కన నిలబడింది.

"బ్రేకు సందు సరిచెయ్యండి" అన్నాడు పరీక్షాధికారి.

ఎమ్మే స్పానరు తీసుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. నట్టుకి కాకుండా దాని పక్కనున్న బోల్టుకి తగిలించాడు. మేస్త్రి పళ్లు బిగబట్టాడు. ఎమ్మే స్పానరుని కింద పడేశాడు, తీశాడు, ఈసారి నట్టునే పట్టుకుని కుడికి తిప్పాడు. కుడికి, కుడికి, ఇంకా కుడికి. దిమ్మ వెళ్లి డ్రమ్ముని కరుచుకుంది. మేస్త్రి తన భార్య మాట గుర్తు తెచ్చుకున్నాడు, పింఛను గుర్తు తెచ్చుకున్నాడు, వచ్చే నెల అద్దె కూడా గుర్తు తెచ్చుకున్నాడు. ఎమ్మే కార్డు తీసి, బిగుసుకుపోయిన సందులోకి పొడిచి, అది మడతపడితే పరీక్షాధికారి వైపు తిరిగి, "ఈ కార్డు మంచిది కాదు సార్" అన్నాడు.

ఆ మాటతో మేస్త్రికి ఓపిక చచ్చింది.

"అబద్ధమండీ" అన్నాడు గుమ్మంలోంచి. "వీడికి పనొచ్చు. నిన్న సాయంత్రం చిటికెలో చేశాడు. ఒరేయ్ ఎమ్మే, కళ్లు మూసుకుని చెయ్యి. నా పరువు తియ్యకు."

ఎమ్మే అతని మొహం చూశాడు. "బాబాయ్, ఆలోచించు" అన్నాడు.

"ఆలోచించింది చాలు. చెయ్యి."

ఎమ్మే కళ్లు మూసుకున్నాడు. ఎడమకి తిప్పాడు, ఆగాడు, పావు వంతు వెనక్కి వచ్చాడు. కొత్త కార్డు పెట్టి లాగాడు. అది బెట్టు చేస్తూ వచ్చింది. పరీక్షాధికారి తనే వచ్చి ఇంకోసారి లాగి చూసి, బాగుందన్నాడు. మేస్త్రికి ఉద్యోగం పోయింది. పోయిందని తెలుసు, అయినా అతని ఛాతీ ఇంత వెడల్పయింది. కళ్లు కూడా తడిశాయి, గ్రీజు గుడ్డతో తుడుచుకుని మొహమంతా నలుపు చేసుకున్నాడు.

పరీక్షాధికారి స్టూలు మీద కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. పేరు, డిగ్రీ, చేసిన పని, ఫలితం. అయిదో గడి దగ్గర తలెత్తాడు.

"మీకు పని నేర్పిందెవరు?"

"ఈయనే సార్" అన్నాడు ఎమ్మే.

"ఈయన ఏం చదివారు?"

"ఎనిమిది" అన్నాడు మేస్త్రి. "తప్పాను."

పెన్ను ఆగింది. పరీక్షాధికారి సంచీలోంచి ఇటుకంత పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పి, దొరికిన వాక్యాన్ని మేనేజరమ్మకి చూపించాడు. డిగ్రీ లేనివారు నేర్పినది శిక్షణగా పరిగణింపబడదు. మేనేజరమ్మ కామా దగ్గర ఊపిరి పీల్చుకుని, నిజమే అంది.

"అంటే ఇంజినీరు గారికి శిక్షణ జరగలేదు" అన్నాడు పరీక్షాధికారి. "శిక్షణ లేకుండా పని రాదు. కాబట్టి ఈయనకి పని రాదు."

"ఇప్పుడే చేశాను కద సార్" అన్నాడు ఎమ్మే.

"అది యాదృచ్ఛికం" అన్నాడు ఆయన, అనడమే కాదు రాశాడు కూడా. బ్రేకు యాదృచ్ఛికంగా కుదిరినది. ఇంజినీరుకు పని రాదు. సహాయకుని కొనసాగించవలెను.

ఎమ్మే ఒక్క గంతు వేశాడు. మేనేజరమ్మ మొహం వెలిగింది. "నీ ఉద్యోగం నిలబడింది మేస్త్రీ, ఇంక రెండేళ్లూ దిగుల్లేదు" అంది. ఆవిడ నిజంగా సంతోషపడింది.

మేస్త్రి మాత్రం పరీక్షాధికారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "అయ్యా, ఉద్యోగం తీసేయండి. నేర్పానని రాయండి" అన్నాడు.

"అలా రాయడానికి గడి లేదయ్యా."

"అంచున రాయండి. కాస్త ఖాళీ ఉంది కదా."

"అంచున రాస్తే చెల్లదు."

ఆయన ఫైలు కట్టేసి, మోకాలు పట్టుకుని, లిఫ్టు వైపు నడిచాడు. మేస్త్రి వెనకే వెళ్లాడు. "మెట్లు దిగండి సార్. బ్రేకు యాదృచ్ఛికంగా కుదిరింది. దాన్ని నమ్మి ఏడంతస్తులు దిగడం మంచిది కాదు."

"మోకాలు నొప్పయ్యా" అని ఆయన లిఫ్టెక్కాడు. లిఫ్టు కింది గడప దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. ఆయన నడిచి వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. అతని నల్లటి మొహం చూసి ఎదురొచ్చింది.

"ఏమైంది?"

"ఉద్యోగం ఉంది."

"హమ్మయ్య" అని ఆవిడ అక్కడే కూలబడింది. తలెత్తి చూసింది. "మరి ఆ మొహమేంటి? ఇంకేం కావాలి మీకు?"

మేస్త్రి చెప్పులు విడిచి, ఆవిడ పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"ఒక రిజిస్టరు ఇచ్చారు. రోజూ సాయంత్రం అందులో నేను సంతకం పెట్టాలి. వాడికి ఇవాళ కూడా పని రాలేదని" అన్నాడు. "పెట్టొచ్చాను."