తువ్వాలు కింద మాట

నిరుడు మామిడి కాలంలో విజయవాడ నుంచి బెంగళూరు వెళ్తుంటే మా బస్సు బంగారుపాళ్యం దగ్గర టీకి ఆగింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అంతా కుళ్లిన వాసన. ఏమైందని పక్కనున్న రైతును అడిగాను.

"గుజ్జు కొనే దేశం ఉన్నట్టుండి సుంకం పెంచిందంట సామీ. ఫ్యాక్టరీవోళ్లు కాయ వద్దంటా ఉండారు. ఆ మందు కొట్టొద్దు, ఈ మందు కొట్టొద్దు అని రూల్సు పెట్టింది ఆ దేశమే. అన్నీ పాటించినాం."

"దేశాల మధ్య ఒప్పందాలుంటాయి. అలా ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు," అన్నాను.

ఆయన నా చెయ్యి లాక్కుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లు గట్టిగా నొక్కాడు.

"మా మండీలో బేరం ఇట్లనే, ఏళ్లు నొక్కి ధర చెప్పుకుంటాం. ధర పక్కనోడికి కూడా కనపడదు. కాగితం లేదు, సాక్షి లేదు. అయినా మాట తప్పినోడికి మళ్లా ఎవురూ చెయ్యి ఇయ్యరు."

టీ కొట్టు బల్ల మీద బజ్జీల కింది పేపర్లో మన ప్రధానీ, ఆ దేశాధినేతా నవ్వుతూ చేతులు కలిపిన ఫొటో ఉంది. ఆయన దాన్ని వేలితో పొడిచాడు.

"లోకమంతా సూస్తా ఉండంగా కలిపినారే, సిగ్గు లేదా సామీ?"

బస్సెక్కాక కూడా నా ఒళ్లు మండుతూనే ఉంది. మాట తప్పింది వాళ్లు, కుళ్లింది ఈయన కాయ. అయినా ఆ దేశం మళ్లీ చెయ్యి చాపితే, పరిగెత్తి అందుకునేది మనమే.