గుండీల డబ్బాలో గొంతు

పాటల బృందంలో అందరికీ ఆవిడ వదినే. బృందం నడిపేవాడు ఆవిడకు సొంత మరిది కావడంతో తక్కినవాళ్లూ అలాగే పిలిచేవారు. ఆవిడ పని ఒక్కటే. ముందు మైకు దగ్గర తోటికోడలు పాడుతుంటే వెనక కుర్చీలో కూర్చుని "ఆ..." అనడం. మాట పలకనక్కర లేదు, ముఖం చూపనక్కర అసలే లేదు. అంతమాత్రానికే వదిన మెడ నిక్కించి నడిచేది. తన "ఆ" లేకపోతే తోటికోడలి పాట ఉప్పులేని కూడు అని నలుగురి ముందూ అనేసేది. తోటికోడలు విని నవ్వేది. మరిచిపోయే నవ్వు కాదది, దాచిపెట్టుకునే నవ్వు.

ఒకరోజు మరిది శాంప్లర్ కొనుక్కొచ్చాడు. పలకలాంటి పెట్టె, దాని నిండా మీటలు. గదిలో దుప్పట్లు వేలాడదీసి, మధ్యన వదినను నిలబెట్టి, ఒక్కో స్వరానికీ ఆవిడ చేత "ఆ" అనిపించి రికార్డు చేశాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. ఎందుకని అడిగితే సాధనకన్నాడు. ఆవిడ చెవి మీద చేయి వేసుకుని ప్రాణం పెట్టి అంది. ఉరితాడుకు తన మెడ కొలత తానే ఇస్తున్నానని ఆవిడకేం తెలుసు!

మరిది ఆ ముక్కలన్నీ కోసి శుభ్రం చేసి గోరంత మెమరీ కార్డులో దాచి, దాన్ని పెట్టె పక్కనున్న గాడిలో దూర్చాడు. ఏ మీటకు ఏ ముక్క పలకాలి, ఎంత గట్టిగా మొదలై ఎంత మెల్లగా ఆరిపోవాలి అనే ఏర్పాటు మాత్రం పెట్టె పొట్టలో వేరే ఉంటుంది. దాన్ని ప్రీసెట్ అంటారట. ఆ ప్రీసెట్‌కు "వదిన" అని పేరు పెట్టాడు. ఆవిడ మురిసిపోయి అదేమిటో చెప్పమంది.

"మీ వంటింటి డబ్బాల్లాంటిదే వదినా. పైన రాసిన పేరు ప్రీసెట్. లోపలి సరుకు శాంపిల్."

తరవాతి కచేరీలో వెనక కుర్చీ వేయలేదు. తోటికోడలు పాడుతూ పాడుతూ ఒంటివేలితో మీట నొక్కింది. వదిన గొంతు హాలంతా పాకింది. కిందికి దిగాక తోటికోడలు తీరిగ్గా చెమట తుడుచుకుంటూ అంది.

"అక్కా, ఇక మీకు దగ్గుమందు తాగే పని తప్పింది."

అప్పటినుంచి వదిన బృందం వెంట వెళ్లేది వైర్లు చుట్టడానికి, తోటికోడలి బట్టలు ఇస్త్రీ చేయడానికి.

అలా ఏళ్లు గడిచాక మరిది కొత్త పెట్టె కొన్నాడు. పాతదాన్ని అమ్మే ముందు దుమ్ము దులపడానికి బోర్లించినప్పుడు కార్డు జారి నేల మీద పడింది. మరిది చూడలేదు. చీపురు పట్టుకున్న వదిన చూసింది. పిలిచి ఇవ్వచ్చు. ఇవ్వలేదు. ఇంటికి తీసుకుపోయి, కాఫీపొడి అని రాసి ఉన్న గుండీల డబ్బాలో వేసి మూత బిగించింది.

మరిది పాత పెట్టె పొట్టలోని ప్రీసెట్లన్నీ కేబుల్ తగిలించి కంప్యూటర్‌లోకి, అక్కడినుంచి కొత్తదానిలోకి పంపాడు. తెర మీద పేర్లన్నీ వరసగా కనబడేసరికి చేతులు దులుపుకున్నాడు. ఒక్క మీటైనా నొక్కి చూడాలని ఆ మహానుభావుడికి తోచలేదు.

కచేరీకి ముందు సౌండు సరిచూస్తుంటే బయటపడింది. తెర మీద "వదిన" అని ఉంది. నొక్కితే చడీ చప్పుడూ లేదు. పాతది కొన్నవాడికి ఫోన్ చేస్తే అందులో కార్డే లేదన్నాడు. మరిది వైర్ల చుట్టల మధ్య కూర్చున్న వదిన దగ్గరికొచ్చి నీళ్లు నమిలాడు. అంతా విని, కుర్చీ ఎక్కడ వేస్తావని ఆవిడ అడిగింది. వెనకాల అన్నాడు. ఆవిడ మళ్లీ వైరు చుట్టడం మొదలుపెట్టింది. చచ్చినట్టు ముందువైపే వేశాడు, తోటికోడలి పక్కన.

ఆ సాయంత్రం చప్పట్లు మోగాయి. ఎవరి కోసమో గానీ, వదిన తన కోసమే అనుకుంది. కుర్చీ అక్కడే స్థిరపడింది.

కొన్నాళ్లకు మరిది మళ్లీ దుప్పట్లు వేలాడదీశాడు. వద్దంటే గొంతు పోయిందనుకుంటారని వదిన వెళ్లి నిలబడింది. గొంతు పోనే పోయింది. పై స్వరంలో బొంగురు, కింది స్వరంలో వణుకు. మరిది పాత కచేరీ రికార్డు పక్కన పెట్టుకుని రెండూ విన్నాడు.

"కలవడం లేదు వదినా."

"దేనితో?"

"మీ గొంతుతో."

గుమ్మానికి చేరగిలబడిన తోటికోడలు మూతి తిప్పింది. "అసలా పాత గొంతు అక్కదేనా? ఎవరిదో తెచ్చి అక్క పేరు తగిలించావేమో."

మరిది నవ్వి, ఏమో అన్నాడు.

కొత్త రికార్డు పనికిరాదు, పాత కార్డు లేదు. నోరు మూసుకుంటే కుర్చీ చచ్చేదాకా ఆవిడదే. ఆ సంగతి వదినకు తెలియక కాదు. అయినా గబగబా ఇంటికి పోయి డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. గుండీలు గది నిండా దొర్లాయి. కార్డు ఏరి మరిది ముందుకు విసిరింది.

"పెట్టి విను. ఎవరిదో తేలుతుంది."

మరిది కార్డు పెట్టి మీట నొక్కాడు. పేరుకు సరుకు దొరికింది. పడుచు గొంతు, గీత పెట్టినట్టు, వణుకన్నది లేకుండా, "ఆ..." అని గదంతా నిండింది. తోటికోడలు తిప్పిన మూతి సరిచేసుకుంది. వదిన మెడ నిక్కించి నిలబడింది.

"మీదే వదినా" అన్నాడు మరిది. అంటూనే కార్డులోని శాంపిళ్లన్నీ కంప్యూటర్‌లో రెండు చోట్ల కాపీ చేసుకున్నాడు. ఇన్నాళ్లూ ఎక్కడ దాచారని కూడా అడగలేదు.

తోటికోడలే ముందుగా తేరుకుంది. "అక్కా, ఆ గుండీలు ఏరెయ్యండి. కాళ్లకు గుచ్చుకుంటాయి."

తరవాతి కచేరీలో తోటికోడలి పక్కన కుర్చీ అలాగే ఉంది. దాని మీద కొత్త పెట్టె కూర్చుంది.