పంటి డాక్టరు దగ్గర నా తర్కం

ఆ రోజుల్లో మా వైపు పంటికి వైద్యం అంటూ ఉండేది కాదు, శిక్ష మాత్రమే ఉండేది. కాలు విరిగితే కట్టు కట్టేవారు, కన్ను ఎర్రబడితే చుక్కలు వేసేవారు, పన్ను నొప్పిపెడితే మాత్రం దాన్ని పీకి పారేసేవారు. వేలు నొప్పిపుడితే వేలు కోసుకునేవాడు లేడు గదా, పంటికెందుకీ న్యాయం అని నేను అడిగేవాణ్ణి. (అప్పట్లో నేను అన్నిటినీ అడిగేవాణ్ణి. ఇప్పుడు అడిగే ఓపిక లేదు, ఎవరైనా చెబితే వినే ఓపిక అంతకన్నా లేదు.) డబ్బున్నవాళ్ళు బెంగళూరు పోయి పుచ్చిన పన్ను పూడ్పించుకుని నవ్వుకుంటూ వచ్చేవారు, లేనివాళ్ళు పీకించుకుని చెంప పట్టుకుని వచ్చేవారు. ఒకే జబ్బుకు ధనికుడి నోట్లో ఒక శాస్త్రం, బీదవాడి నోట్లో ఇంకొక శాస్త్రమా అని నేను బాగేపల్లి హోటల్లో బల్ల గుద్ది ప్రశ్నించి వారం తిరిగిందో లేదో, నా కింది దవడ పన్నే లేచి నాకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు నేను బాగేపల్లిలో బడి మేష్ట్రుని. పొద్దున పిల్లలకు లెక్కలు, సాయంత్రం పెద్దలకు హేతువాదం. ఊళ్ళో నన్ను ‘తర్కం మేష్ట్రు’ అనేవారు. మెచ్చుకోలు అనుకుని నేను చాలాకాలం సంతోషించాను. పంట్లో పురుగు ఉంటుందనీ, వాకుడు విత్తనాల పొగ పడితే అది రాలిపోతుందనీ జనం నమ్మడం మీద అప్పటికే రెండు సభల్లో నిప్పులు కురిపించి ఉన్నాను. అందుకని పన్ను సలుపుతున్నా ఇంట్లో పైకి చెప్పుకోలేకపోయాను. కాని ఎడమ పక్కనే నమిలి తినే కొడుకును ఏ తల్లి కనిపెట్టదు?

“పేరేసంద్రలో ఒకామె పొగ పడతాదంట, పోయిరాప్పా,” అన్నది అమ్మ. “పురుగులు నీళ్ళల్లో రాల్తాయంట. కండ్లారా చూసినోళ్ళుండారు.”

“అవి విత్తనంలోంచి పగిలి పడే తునకలమ్మా. పంట్లో పురుగు ఉండదు.”

“పురుగు లేకపోతే నీ పల్లు కొరికేదెవరు, నేనా?”

మూడు తాలూకాల పండితుల నోళ్ళు మూయించినవాణ్ణి, చెంప పట్టుకుని పెరట్లోకి నడిచాను. నొప్పిలో ఉన్నవాడికి తర్కం సగమే పనిచేస్తుంది, ఆ సగమూ నొప్పి లేని పక్కనే పనిచేస్తుంది. బెంగళూరు పంటి డాక్టరు అడిగేది నా నెల జీతమని విచారించి తెలుసుకున్నాను. పొగకు పోతే పరువు పోతుంది, పీకిస్తే పన్ను పోతుంది, బెంగళూరు పోతే ఇల్లు గడవదు. చవకగానూ ఉండాలి, పని బాగానూ ఉండాలి. ఇది అత్యాశ కాదనీ, మనిషన్నవాడి హక్కనీ నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకుంటూ, చెంపకు తువ్వాలు కట్టుకుని వెతకడానికి బయల్దేరాను.

మొదట చింతామణి సంత. అక్కడ పళ్ళు పీకేవాడొకడు దుప్పటి పరిచి, దాని మీద అంతవరకు పీకిన పళ్ళన్నీ రాశి పోసి కూర్చునేవాడు. ఆ రాశే అతని బోర్డు. చెయ్యి తేలికని పేరు, అడిగేది స్వల్పం. నేను బుద్ధిగా నోరు తెరిచి ఉంటే నిమిషంలో పని అయిపోయేది. కాని నేను నోరు తెరిచింది మాట్లాడటానికి. “ఈ రాశిలో పీకకుండా నిలబెట్టదగిన పళ్ళు ఎన్ని ఉన్నాయి?” అన్నాను, సభలో అడిగినట్టు. జనం మూగారు.

“అదంతా నాకు తెలీదప్పా. నేను పీకిన పల్లు మళ్ళా నొచ్చిందని ఇంతవరకూ ఒక్కడన్నా తిరిగొచ్చినాడేమో నువ్వే కనుక్కో!” అన్నాడతను.

జనం గొల్లున నవ్వారు. నేను ఆ వాదంలోని దోషాన్ని విడమరిచి చెప్పాను. అతను పట్టుకారు దుప్పటి మీద పెట్టేసి, చాలాసేపు ఓపిగ్గా విన్నాడు. తరువాత, “ఇంత మాట్లాడే నోట్లో పల్లు నొస్తాండాదంటే నేను నమ్మనప్పా. నొచ్చేవాడు మాట్లాడడు. నిజంగా నొచ్చినంక రా, పీకుతా,” అన్నాడు. గుంపులో ఒక రైతు నా మీద జాలిపడి, “ఈడే నయమప్పా. చిక్కబళ్ళాపురంలో ఒక పల్ల డాక్టరు కొత్తగా వచ్చినాడు, వానికి పీకేకి కూడా రాదు! నాలుగు తూర్లు రమ్మంటాడు, పల్లేమో ఆడనే ఉంటాది. చదువంతా దండగ!” అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు, నేను తప్ప. పీకని డాక్టరు! నేను వెతుకుతున్న మనిషి ఎగతాళి రూపంలో దొరికాడు.

ఆదివారం బస్సెక్కాను. అది పేరేసంద్ర దగ్గర ఆగి, కదలనని మొండికేసి, చివరికి నన్ను చిక్కబళ్ళాపురం చేర్చేసరికి నాలుగున్నర అయింది. డాక్టరు నా ఈడువాడే, కోమట్ల అబ్బాయి, బెంగళూరులో చదివి వచ్చి తండ్రి ఇంటి ముందుగదిలోనే కుర్చీ వేసుకున్నాడు. పక్కన కుట్టుమిషను మాదిరి కాలితో తొక్కే మర ఒకటి ఉంది, పన్ను తొలిచేది. గదిలో రోగులు లేరు. నోరు చూసి, పన్ను దక్కుతుందనీ, లోపలి నరానికి మందు పెట్టి చంపాలనీ, వేరు శుభ్రం చేసి పూడ్చాలనీ, నాలుగు ఆదివారాలు పడుతుందనీ చెప్పాడు. అడిగిన ఫీజు బెంగళూరులో అడిగేదానికి పావు వంతు కూడా లేదు. అంత తక్కువనగానే నాకు అనుమానం పుట్టింది. (ఎక్కువ అడిగితే దోపిడీ అంటాం, తక్కువ అడిగితే మోసం అంటాం. హేతువాదికి వైద్యం చెయ్యడం కష్టం.)

“బెంగళూరులో మీరిచ్చేదాంట్లో సగం మేడకూ, సోఫాలకూ పోతాది మేష్ట్రే,” అన్నాడు డాక్టరు. “ఇది మా నాయన కట్టించిన గది, బాడిగ లేదు. మందులు అవే. పనిముట్లు ఉడకబెడతాండాను, కావాలంటే చూసుకోండి. పల్లు నిలిస్తే మీ ఊర్లో నలుగురికి చెప్పండి, అంతే. మీరు ఎట్లయినా మాట్లాడతానే ఉంటారంట కదా!”

కిరసనాయిలు పొయ్యి మీద పనిముట్లు నిజంగానే ఉడుకుతున్నాయి. నా మనసు కుదుటపడింది. సైన్సు మా సీమకు వచ్చేసిందని కూడా అనుకున్నాను. అప్పుడతను గోడ గడియారం కేసి చూసి, “కూర్చోండి. రాహుకాలం దాటినంక మొదలుపెడతాం,” అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. సైన్సు చదివినవాడు, నరం ఎక్కడుందో తెలిసినవాడు, రాహువును చూసి చేతులు ముడుచుకుంటాడా? అన్నాను. ఆరుదాకా ఆగితే నా బస్సు పోతుందన్నాను. ఆకాశంలో లేని గ్రహానికి భయపడే చేతికి నా పన్ను అప్పగించనన్నాను. అతను కోపగించుకోలేదు. “నోరు మీది, చెయ్యి నాది మేష్ట్రే. మీ నోటికి రాహుకాలం లేకపోవచ్చు, నా చేతికి ఉండాది. బెదిరే చేత్తో మీ నోట్లో మర తిప్పమంటారా?” అన్నాడు.

బస్టాండుకు నడిచి వచ్చేశాను. బస్సు సిద్ధంగానే ఉంది. మెట్టు మీద కాలు పెట్టగానే పన్ను ఒక్క పోటు పొడిచింది, దవడ నుంచి చెవిదాకా, చెవి నుంచి నడినెత్తిదాకా. ఎన్ని రాత్రులు నిద్ర లేదో, ఎన్ని పూటలు ముద్ద దిగలేదో అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఈ బస్సెక్కితే రేపో ఎల్లుండో చింతామణి దుప్పటి మీద నా పన్ను ఉంటుంది. సిద్ధాంతం మాత్రం భద్రంగా ఉంటుంది. ఎంత అలసిపోయి ఉన్నానంటే, నిలబడి ఆలోచించడానికి కూడా ఓపిక లేక, కాలు దించి వెనక్కి నడిచాను. రాహువు వెళ్ళేదాకా ఆ ముందుగదిలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. బస్సు పోయింది గనుక ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే ఉన్న మా చిన్నమ్మ ఇంట్లో పడుకోవలసి వచ్చింది.

అసలు బాధ తరువాత తెలిసింది. నాలుగు ఆదివారాలూ డాక్టరు నా నోటినిండా దూది కుక్కి, మర తొక్కుతూ, దేవుడున్నాడని నిరూపించాడు. “ఈ పల్లు చూడండి మేష్ట్రే. నమిలేది వెనక, కొరికేది ముందర. ఇంత పొందిగ్గా ఎవరో పెట్టకపోతే ఎట్లొచ్చె?” అనేవాడు. నా దగ్గర దీనికి పదునైన జవాబు ఉంది. పొందికే ఉంటే నాకీ గతెందుకని అడగాలి. కాని “ఆఁ... ఆఁ...” అని తప్ప శబ్దం రాదు. “చూసినారా, మీరూ ఒప్పుకొంటాండారు!” అని అతను సంతోషంగా ఇంకొంచెం గట్టిగా తొక్కేవాడు. జీవితంలో నన్ను ఎదురుమాట లేకుండా ఓడించినవాడు అతనొక్కడే. పనితనం మాత్రం, ఒప్పుకోక తప్పదు, సూదిలో దారం ఎక్కించినంత సున్నితం. మూఢనమ్మకం ఉన్న చోట మంచి పని ఉండదని నేను అచ్చువేయించిన కరపత్రం చెబుతుండేది. ఆ చెయ్యి కరపత్రం చదవలేదు. నాలుగో ఆదివారం పన్ను పూడింది, నొప్పి పోయింది.

మాట ప్రకారం ఊళ్ళో చెప్పడం మొదలుపెట్టాను. నరం గురించీ, వేరు గురించీ, పనిముట్లు ఉడకబెట్టడం గురించీ బొమ్మలు గీసి వివరించాను. “నాలుగు తూర్లా! పీకేకి రాదేమోప్పా,” అని అందరూ లేచిపోయేవారు. ఒక్కరూ కదల్లేదు. హేతువాదికి నిజాయితీ ముఖ్యం గనుక చివర్లో ఒక హెచ్చరిక కూడా చెప్పాను: డాక్టరు మంచివాడే గాని ఒక లోపం ఉంది, రాహుకాలంలో పనిముట్టు పట్టడు, అడ్డవేళ పోతే బస్సు తప్పుతుంది, జాగ్రత్త.

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. “రాహుకాలం చూస్తాడా?” అన్నది.

“చూస్తాడు. అదే చెబుతున్నాను, అదొక్కటే...”

“అయితే మంచి డాక్టరే! ముందే చెప్పేకి నీకేం రోగం?”

ఆ వారమే అమ్మ తన పళ్ళు చూపించుకోవడానికి బస్సెక్కింది. అమ్మ వెనక వక్కాకు నమిలే ముసలమ్మలు, వాళ్ళ వెనక వాళ్ళ కొడుకులు, కోడళ్ళు. శాస్త్రం కదల్చలేని దవడల్ని రాహువు కదిల్చాడు. ఎంతమంది పళ్ళు నిలిచాయో నేను లెక్కపెట్టలేదు గాని, ఆ ముందుగదిలో కూర్చునే చోటు లేక జనం అరుగు మీద ఉండేవారని విన్నాను. గెలిచింది నేనా, రాహువా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చుకుందామన్న పట్టుదలా ఎప్పుడో పోయింది. కళ్ళు మూసుకుంటే మాత్రం ఆ కుర్రవాడు కనిపిస్తాడు, తర్కం మేష్ట్రు. బడి వరండాలో నిలబడి ఉంటాడు. చెంప పట్టుకున్న ఒక రైతు వచ్చి, “మేష్ట్రే, శుక్రవారం ఏ వేళకు పోతే డాక్టరు చూస్తాడు?” అని అడుగుతాడు. కుర్రవాడు ఒక్క క్షణం ఆకాశం కేసి కోపంగా చూస్తాడు. తరువాత గొంతు తగ్గించి, పంచాంగం చూడకుండానే, “పదిన్నర నుంచి పన్నెండుదాకా రాహుకాలం. పొద్దున మొదటి బస్సుకే పొండి,” అంటాడు.