గౌను అంచున నీళ్లు కారే దెయ్యం

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తగారు రోలుగుంట నుంచి నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చి రెండు నెలలున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుట్టుమిషన్ ఆపి నేనొక సిరీస్ చూసేదాన్ని. రాజులు, మంత్రగాళ్లు, సముద్రం ఒడ్డున పాడుబడ్డ కోట. తెలుగు డబ్బింగ్ కాబట్టి ఆవిడా మంచం మీద నుంచే చూడడం మొదలుపెట్టారు.

తీసినవాళ్లకి దండం పెట్టాలి. కోట్లు పోసి యుద్ధాలు తీశారు గానీ నన్ను వణికించింది అవి కాదు. రాణి ఒకప్పుడు సొంత అక్కని కోటలోకి రానివ్వక తలుపు వేయించింది. ఆ అక్క సముద్రంలో పడి చనిపోయింది. ఇప్పుడు దెయ్యమై వచ్చింది. అరవదు, మీద పడదు. చెమ్మ పట్టిన మెట్ల మీద ఒక్కొక్కటే తడి అడుగు పడుతుంది, అంతే. చివరికి భోజనాల బల్ల దగ్గర కూర్చుంటుంది. గౌను అంచు నుంచి నీళ్లు కారుతుంటాయి. బట్టలు కుట్టేదాన్ని కదా, ఆ తడిగుడ్డ బరువంతా నా ఒళ్లో పెట్టినట్టే అనిపించింది.

రాణి అక్క ముందు కంచం పెట్టింది.

“ఆపు పిల్లా,” అన్నారు అత్తగారు.

“భయమేస్తోందా అత్తయ్యా?”

“దెయ్యానికేటి భయం? ఆ రాణిని సూడు. బతికున్నప్పుడు తలుపేసీసింది. ఇప్పుడు కంచం పెడితే ఎవులు తింటారు?”

ఆవిడ మనసు ఎటు పోయిందో నాకు తెలుసు. ఆవిడ చెల్లెలు పాయకరావుపేటలో ఉంటుంది. వాళ్లమ్మ ఆ చెల్లెలింట్లోనే పోయింది. కబురు ఆలస్యంగా అంది, ఈవిడ వెళ్లేసరికి దహనం అయిపోయింది. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

“దాని నంబరుందా నీకాడ?”

ఫోన్ కలిపి చేతికిచ్చాను. అటు నుంచి “ఎవరండీ?” అని రెండుసార్లు వినిపించింది.

“నానే,” అన్నారు చివరికి. “మోకాలు కోసీసారు. బేగి రా.”

“అప్పా!” అని అక్కని పిలిచిన ఒక్క మాట, ఆ తర్వాత ఏడుపు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చింది, సంచిలో పనసపొట్టుతో. చెప్పులు విడిచి నేరుగా మంచం మీద కూర్చుంది.

“అమ్మ పోయిన రోజు నాకు ఒంటిమీద తెలివి లేదప్పా. ఎవులికి సెప్పానో, ఎవులికి సెప్పలేదో!”

“తెలుసు,” అన్నారు అత్తగారు. “తెలిసే మాటాడ్డం మానీసాను. తప్పు నాదే.”

నేను టీ వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను. మంచి కథకి ఇంత సత్తువ ఉంటుందని ఆ రోజే తెలిసింది. చదువు రాని మా అత్తగారికి దేశంకాని దేశపు కోటలో తన ఇల్లే కనిపించింది.

ఆ చెల్లెలు నాలుగు రోజులుంది. పూటపూటా చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించింది. “కాలు ఈడ్సకప్పా, ఎత్తి ఎయ్యి,” అని కసురుతుంటే, డాక్టరు మాట కూడా వినని మా అత్తగారు కిక్కురుమనకుండా అడుగులేశారు.